మొదటి షిఫ్టుకు వెళ్తున్న మన పిల్లల కొరకు

ఇంటర్ పరీక్షలు అయిపోయి ఎండలు ముదిరే నాటికి ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చిలకానగర్ ఇళ్ళలో ఒకే మాట వినబడుతుంది: "సెలవుల్లో ఏదైనా పని చూసుకుంటా". కొందరు షాపుల్లో చేరతారు, కొందరు గోడౌన్లలో. ఇంకొందరు నగర శివార్లలోని వినోద పార్కులకు, వాటి పక్కనున్న హోటళ్ళకు, రిసార్టులకు వెళ్తారు. టికెట్ కౌంటర్, ఫుడ్ కోర్టు, హౌస్ కీపింగ్, సెక్యూరిటీ, రైడ్ల దగ్గర హెల్పర్లు, నీళ్ళ దగ్గర లైఫ్ గార్డులు ఇలా చాలా రకాల పనులు అక్కడ ఉంటాయి. చదువుకుంటూ నాలుగు డబ్బులు సంపాదించుకోవడం మంచిదే. అయితే ఆ మొదటి షిఫ్టు ముగించుకొని తిన్నగా మన క్యాజువాలిటీకి వచ్చే పిల్లలను ప్రతి వేసవిలోనూ చూస్తున్నాము. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాము.

పని స్థలం ఎలా ఉంటుంది?

మన ప్రాంతానికి ఇటువంటి పని పూర్తిగా కొత్త కాదు. ఎన్.టి. రామారావు గారి రామకృష్ణా స్టూడియో నాచారంలోనే ఉండేది. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ హయత్‌నగర్ దాటిన తరువాత విజయవాడ రోడ్డు మీద ఉంది. 1666 ఎకరాలతో ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ ఆవరణలో తార, సితార వంటి హోటళ్ళు కూడా ఉన్నాయి. 2016 ఏప్రిల్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర వండర్‌లా పార్కు తెరిచారు.

ఎల్.బి. నగర్ మీదుగా పోయినా, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కినా ఇవన్నీ మనకు దూరమే. రానూ పోనూ ప్రయాణానికే గంటల సమయం పోతుంది. లోపలికి వెళ్ళాక నడకా ఎక్కువే. చూడడానికి వచ్చినవారు అలసిపోతే చెట్టు కింద కూర్చుంటారు. పనికి వచ్చినవారికి ఆ వీలు ఉండదు. ఆదివారాలు, పండుగలు, వేసవి సెలవులు అందరికీ విశ్రాంతి రోజులైతే వీరికి అవే రద్దీ రోజులు.

ప్రమాదం మొదటి రోజుల్లోనే ఎక్కువ

"మా వాడు గట్టివాడు, క్రికెట్ ఆడతాడు, ఎండ వాడినేం చేస్తుంది?" అని తండ్రులు అంటూ ఉంటారు. ఇది బలానికి సంబంధించిన విషయం కాదు, అలవాటుకు సంబంధించినది. వేడిలో గంటల తరబడి పని చేయడానికి శరీరానికి 7 నుండి 14 రోజుల సమయం కావాలి. ఆ రోజుల్లో చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తక్కువగా పోవడం, గుండె నెమ్మదిగా కొట్టుకోవడం శరీరం నేర్చుకుంటుంది. మొదటి రోజు అది ఇంకా ఏమీ నేర్చుకోలేదు.

అమెరికాలో ఆరుబయట పని చేస్తూ వేడి వలన చనిపోయినవారి వివరాలు చూస్తే, ఆ మరణాల్లో సగం నుండి 70 శాతం వరకు పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే జరిగినట్లు అక్కడి ప్రభుత్వ సంస్థ చెబుతోంది. అందుకే అక్కడ ఒక నియమం సూచిస్తారు. కొత్తవారికి మొదటి రోజు వేడిలో పని మామూలు సమయంలో 20 శాతమే ఇవ్వాలి, తరువాత రోజుకు 20 శాతం చొప్పున పెంచాలి. ఎనిమిది గంటల డ్యూటీలో అయితే మొదటి రోజు ఎండలో సుమారు గంటన్నర, మిగిలినది నీడలో అన్నమాట. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊరికి ఈ లెక్క ఇంకా ఎక్కువ అవసరం.

సూర్యుడు పోయాడు కదా అని ధీమా పడకూడదు. 2019 జూలైలో జపాన్‌లోని ఒసాకా ప్రాంతంలో ఒక వినోద పార్కులో 28 ఏళ్ళ తాత్కాలిక ఉద్యోగి వడదెబ్బతో చనిపోయాడు. పార్కు మూసిన తరువాత, సాయంత్రం వేళ, సుమారు 16 కిలోల బరువున్న బొమ్మ వేషం ధరించి డాన్సు సాధన చేస్తున్నాడు. మందమైన వేషంలో చెమట ఆరదు, ఒంటి వేడి బయటకు పోదు. బర్త్ డే పార్టీలలో, మాల్స్‌లో ఎలుగుబంటి వేషం కట్టే మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

నిండుగా తిరిగి వచ్చిన బాటిల్

కొంతకాలం క్రితం నాచారం నుండి ఒక తల్లి తన 19 ఏళ్ళ కూతురిని రాత్రి వేళ తీసుకొని వచ్చింది. ఆ అమ్మాయికి అది ఒక వినోద కేంద్రంలో మొదటి రోజు డ్యూటీ. తల తిరుగుడు, వాంతులు, పిక్కలు పట్టేయడం. తల్లి సంచిలో నుండి నీళ్ళ బాటిల్ తీసి చూపించింది. "పొద్దుగాల నేను నింపిచ్చిన నీళ్ళు అట్లనే ఉన్నయ్ సిస్టరమ్మా" అన్నది. ఎందుకు తాగలేదమ్మా అని అడిగితే ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: "బాత్‌రూం దూరం ఉన్నది సిస్టర్. కౌంటర్ వదిలి పోతే మొదటి రోజే మాట పడ్తనేమో అనుకున్న."

రెండు సెలైన్లు ఎక్కించాక అమ్మాయి కోలుకుంది. మూడు రోజులకు మూత్రంలో మంటతో మళ్ళీ వచ్చింది. మందులతో అదీ తగ్గింది. మన దగ్గరకు వచ్చే ఆడపిల్లల్లో ఇది చాలా మామూలు కథ. బాత్‌రూంకు పోవాల్సి వస్తుందని నీళ్ళు మానుతారు. నెలసరి రోజుల్లో అయితే ఇంకా ఇబ్బంది పడతారు. బలహీనత వలన కాదు, అడగడానికి మొహమాటపడడం వలన ఇన్ని బాధలు వస్తున్నాయి. డ్యూటీ మొదలయ్యే ముందే "మేడమ్, బాత్‌రూం ఎక్కడ? నేను వెళ్ళినప్పుడు కౌంటర్ ఎవరు చూస్తారు?" అని అడగడంలో తప్పేమీ లేదు. మంచి సూపర్‌వైజర్ ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

ముందు రోజు, ఆ రోజు ఉదయం

ముందు రోజు రాత్రి ఏడు గంటలైనా నిద్ర పోవాలి. కంగారుతో నిద్ర పట్టకపోయినా ఫోన్ పక్కన పెట్టి పడుకోవాలి. ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరవద్దు. రాగి జావ, మజ్జిగ కలిపిన చద్దన్నం, ఇడ్లీ ఏదైనా సరే. మధ్యాహ్నానికి పెరుగన్నం వేడికి పులిసిపోతుంది గనుక చింతపండు పులిహోర, చపాతీ వంటివి కట్టుకొని పోవచ్చు.

కొత్త బూట్లతో మొదటి రోజు వెళ్ళవద్దు. వారం ముందు నుండే రోజుకు గంట చొప్పున ఇంట్లో వేసుకొని తిరగండి. నూలు సాక్సులు రెండు జతలు ఉంచుకోండి.

బీపీ, షుగర్, థైరాయిడ్, ఆస్తమా మందులు వాడేవారు ముందుగా డాక్టరు గారిని కలవండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. సొంతంగా మాత్రలు ఆపవద్దు. మూర్ఛ ఉన్నవారు నీళ్ళ దగ్గర, ఎత్తు మీద, తిరిగే యంత్రాల దగ్గర పని ఒప్పుకోకూడదు. దాచిపెట్టి చేరడం ప్రాణానికే ముప్పు.

పని చేసే చోట

నీళ్ళు: దాహం వేసే వరకు ఆగకుండా ఎండలో ప్రతి 15 - 20 నిమిషాలకు ఒక గ్లాసు తాగండి. మూత్రం లేత పసుపుగా ఉంటే నీళ్ళు సరిపోతున్నట్లు. టీ డికాషన్ రంగులో ఉంటే చాలడం లేదు. చెమట బాగా పోతే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో కలుపుకోండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు.

నిలబడే డ్యూటీ: ఒకే చోట కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి. మడమలు ఎత్తి దించుతూ ఉండండి. ఇంటికి వచ్చాక పావుగంట కాళ్ళు దిండు మీద ఎత్తి పెట్టుకోండి. కూర్చునే సదుపాయం అడగడం సోమరితనం కాదు. దుకాణాల్లో పని చేసేవారికి కుర్చీ ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టమే చేశాయి.

రైడ్ల దగ్గర: రైడ్ ఆపే బటన్ ఎక్కడుందో మొదటి పది నిమిషాల్లోనే తెలుసుకోండి. తిరుగుతున్న రైడ్ కింద టోపీ పడినా, ఫోన్ పడినా గీత దాటి లోపలికి పోవద్దు. ఎవరు అరిచినా, ఎంత తొందర పెట్టినా ఆగాక మాత్రమే వెళ్ళాలి. చున్నీ, వదులు జడ, మెడలో గొలుసు వద్దు. నేర్పని యంత్రాన్ని ముట్టుకోవద్దు.

నీళ్ళ దగ్గర: చెరువులో ఈత వస్తే చాలదు. మునిగేవారిని కాపాడడం వేరే శిక్షణ. శిక్షణ లేనివారు దూకకుండా కర్రనో, గాలి రింగునో అందించాలి, కేక వేసి ఇతరులను పిలవాలి. రోజంతా తడి కాళ్ళతో ఉంటే వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని, పగిలి, దురద పెడుతుంది. డ్యూటీ దిగగానే కడిగి పొడిగా తుడుచుకోండి.

హౌస్ కీపింగ్: బాత్‌రూం శుభ్రంగా రావాలని బ్లీచింగ్‌ను, యాసిడ్‌ను కలుపుతారు. ఎప్పుడూ కలపకూడదు. దానిలో నుండి క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరితిత్తులను కాలుస్తుంది. దగ్గు, ఊపిరి ఆడకపోవడం మొదలైతే వెంటనే గాలిలోకి రావాలి. చెత్త బుట్టలో చేయి పెట్టి నొక్కవద్దు, బ్లేడ్లు ఉండవచ్చు.

తోటివారు పడిపోతే

మాటలు తడబడడం, తికమకగా మాట్లాడడం, నడక తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం వడదెబ్బ గుర్తులు. చెమట పడుతోంది కదా అని వడదెబ్బ కాదనుకోవద్దు. పని చేస్తూ వచ్చే వడదెబ్బలో చెమట ఉండవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయించండి. అంబులెన్సు వచ్చే వరకు ఊరకే చూస్తూ ఉండవద్దు. నీడలోకి తెచ్చి, వేషం, బూట్లు, బెల్టు తీసి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి గట్టిగా విసరండి. ఐస్ ఉంటే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

మొదటి రోజు నుండే ఉన్న హక్కు

"ఇంకా పర్మనెంట్ కాలేదు కదా, దెబ్బ తగిలితే మన ఖర్చే" అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇది నిజం కాదు. ఈఎస్ఐ వర్తించే చోట జబ్బు సెలవు డబ్బుకు కొన్నాళ్ళ చందా అవసరం గాని, పనిలో గాయపడితే ఆ నియమం లేదు. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వైద్యం ఉచితం, పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది. 2010 సవరణ తరువాత ఇంటి నుండి పనికి పోయే దారిలో, తిరిగి వచ్చే దారిలో పనికి సంబంధించి జరిగిన ప్రమాదం కూడా ఇందులోకి వస్తుంది. రాత్రి రెండు బస్సులు మారి ఉప్పల్ చేరే పిల్లలకు ఇది చాలా ముఖ్యం.

పది మంది లేక అంతకంటే ఎక్కువ పని చేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. 2017లో జీతం పరిమితిని నెలకు 21 వేల రూపాయలకు పెంచారు. 2019 నుండి ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కాంట్రాక్టరు ద్వారా చేరినా హక్కు పోదు. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఆ కాగితం, ఈఎస్ఐ నంబరు రెండూ మొదటి రోజే అడిగి తీసుకోండి. ఈఎస్ఐ ఆసుపత్రి మన నాచారంలోనే ఉంది.

అమ్మానాన్నలకు ఒక మాట

మొదటి రోజు ఇంటికి రాగానే "జీతం ఎంత ఇస్తారట?" అని అడగకండి. "నీళ్ళు తాగినవా? కూర్చోనిచ్చిన్రా? బాత్‌రూంకు పోనిచ్చిన్రా?" అని అడగండి. బాటిల్ ఎంత ఖాళీ అయిందో చూడండి. ఎవరైనా మాట అన్నారని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "ఆ మాత్రానికే ఏడుస్తావా" అనక, కాసేపు కూర్చొని వినండి. తలనొప్పి, వాంతి, తికమక ఉంటే తెల్లవారే వరకు ఆగవద్దు.

పనిలో చేరబోయే పిల్లలు వారం ముందు ఉదయం పూట మన ఓపీకి వస్తే బీపీ, బరువు, రక్తం చూసి పంపుతాము. వాడుతున్న మందుల చీటీ కూడా వెంట తెచ్చుకోండి.