పుడక చూశాం, సూది చూడలేదు

పెళ్లి ఇంక పన్నెండు రోజులుందనగా మా అక్క కూతురికి ముక్కు కుట్టించాం. అబ్బాయి వాళ్లది ఆళ్లగడ్డ. కొత్తకోడలికి అత్తగారు ముక్కుపుడక పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. "పిల్ల ముక్కు బోసిగా ఉందే" అని నిశ్చితార్థం రోజే వాళ్ల పెద్దమ్మ ఒకావిడ అననే అన్నది. ఇంకేం, మరుసటి వారమే నంద్యాలలో ఒక దుకాణానికి వెళ్లాం.

గంటసేపు పుడకలే చూశాం. ఒంటిరాయా, ఏడురాళ్లదా, తెల్లదా, ఎర్రదా అని ఒకటే చర్చ. తీరా కుట్టే అబ్బాయి ప్లాస్టిక్ గన్ ఒకటి తెచ్చి "ఏం గాదులే అక్కా, చిటికెలో అయిపోతాది" అన్నాడు. టక్‌మంది. అయిపోయింది.

నాలుగో రోజుకి ముక్కు ఎర్రగా వాచి నిగనిగలాడింది. పక్కింటావిడ చెప్పిందని పసుపూ, కొబ్బరినూనే పట్టించాం. ఆరో రోజు మా అక్క భయపడిపోయి పుడక పీకేసింది. పైన రంధ్రం పూడుకుపోయింది, చీము లోపలే ఉండిపోయింది. చివరికి డాక్టరు చిన్న గాటు పెట్టి తీయాల్సి వచ్చింది. పెళ్లికూతురికి ముక్కు మీద ప్లాస్టరు!

ఆ డాక్టరమ్మ మమ్మల్ని కోప్పడలేదు. మూడే ప్రశ్నలు వేసింది. సూదితో కుట్టారా, గన్‌తోనా? పుడక ఏ లోహం? ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారు? ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. డిగ్రీ చదివిన దాన్ని, నాకూ ఒక్కదానికి జవాబు తెలియలేదు.

గన్ సంగతి ముందు చెప్తాను. అది చెవితమ్మె కోసం తయారైంది. తమ్మె మెత్తటి కండ. ముక్కుకు మృదులాస్థి ఉంటుంది. గన్ పదును తక్కువ పుడకను బలంగా లోపలికి తోస్తుంది, దాంతో చుట్టూ ఉన్న కణజాలం నలుగుతుంది. పైగా ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టలేరు. ఆటోక్లేవ్ అంటే మన కుక్కర్‌కు పెద్దక్క అనుకోండి. 121 డిగ్రీల ఆవిరిలో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచితే సూక్ష్మజీవులు చస్తాయి. స్పిరిట్ దూదితో తుడవడం దానికి సాటిరాదు. రక్తం అంటిన పరికరం నుంచి హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. లాంటివి ఇంకొకరికి సోకే ప్రమాదం ఉంది.

కాబట్టి ఒక్కసారి వాడి పారేసే బోలు సూదితో కుట్టేవారి దగ్గరికే వెళ్లండి. ప్యాకెట్ మీ కళ్లముందే చించాలి. చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు యాభై చీరలు తీయించడానికి లేని మొహమాటం ఇక్కడెందుకు? కొందరు చర్మవైద్యులు, ఇ.ఎన్.టి. డాక్టర్లు కూడా కుడతారు, కనుక్కోండి.

"మా కాలంలో ఆచారి ఇంటికొచ్చి కుట్టిపోయేవాడు, ఏమైంది?" అని మా అమ్మ ప్రశ్న. నిజమే. సన్నటి బంగారు తీగ, తిరుగులేని చెయ్యి. గాయం చిన్నది, బంగారం మేలిమిది. చాలామందికి ఇట్టే మానిపోయేది. మానని వాళ్ల సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, అంతే. ఆచారి చేతే కుట్టించుకోవాలని ఉంటే తీగ మీ కోసమే కొత్తగా చేయించి, మరగబెట్టించండి. ఆటోక్లేవ్‌తో సమానం కాదు గానీ, అసలేమీ చేయకపోవడం కంటే మేలు.

ఇక లోహం. చౌక పుడకల్లో, గిల్టు నగల్లో నికెల్ కలుస్తుంది. కొందరి చర్మానికి అది పడదు. దురద, రసి మొదలవుతాయి. మేలైన బంగారం గానీ, శరీరంలో అమర్చడానికి వాడే రకం టైటానియం గానీ మంచిది. ఒక సంగతి చాలామందికి తెలియదు. 2021 నుంచి నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి అయినా, రెండు గ్రాముల లోపు వాటికి మినహాయింపు ఉంది. ముక్కుపుడక సాధారణంగా అంత కూడా తూగదు. అందుకే తెలిసిన చోట కొని, ఎన్ని క్యారెట్లో బిల్లు మీద రాయించుకోండి.

షుగరున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, దెబ్బ మానాక మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే తత్వం ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. ఎడమ ముక్కు కుట్టించుకుంటే కాన్పు సులువవుతుందని చెప్పే పెద్దవాళ్లున్నారు. దానికి రుజువేమీ లేదు, మీకు ఏవైపు అందంగా ఉంటే అటే. ఆ మాటకొస్తే అమరావతి శిల్పాల్లో స్త్రీలకు చెవి నుంచి కాలిదాకా నగలున్నాయి, ముక్కుకు మాత్రం ఏమీ లేదు!

కుట్టించుకున్నాక ఓపిక కావాలి. పైకి కొద్ది వారాల్లోనే మానినట్టు కనిపిస్తుంది గానీ లోపల మానడానికి రెండు నుంచి నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాచి చల్లార్చిన గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి, రోజుకు రెండుసార్లు శుభ్రమైన దూదితో అద్దండి. పుడకను తిప్పకండి. నూనె, పౌడరు, క్రీములు దగ్గరికి రానీయకండి. తువ్వాలుకు తగులుకోకుండా చూసుకోండి. తెల్లటి పొక్కు కడితే భయం లేదు. పచ్చటి చీము, సలుపు, వేడి, జ్వరం ఉంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. అంతేగానీ మా అక్కలా పుడక పీకేయకండి. రంధ్రం మూసుకుంటే చీముకు దారి ఉండదు.

పెళ్లి ఆళ్లగడ్డలోనే బాగా జరిగింది. అమ్మాయికి కుట్టకుండా నొక్కిపెట్టుకునే పుడక రెండోవైపు పెట్టాం. ఆ పెద్దమ్మగారు "ఇప్పుడు కళ వచ్చింది" అన్నది. ఐదు నెలల తర్వాత, మచ్చ పూర్తిగా మానాక, పిల్ల తనే ఇంకోచోటికి వెళ్లింది. "సూది ప్యాకెట్ చూపించండి" అని అడిగిందట. ఆయన కాస్త మొహం ముడుచుకున్నా చూపించాడట. అత్తగారు పెట్టాలనుకున్న పుడక మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. ఇంకో రెండు నెలలు ఆగమన్నారు.