పరుపు కింద నెమ్ము

వనపర్తి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. ఆమె కొడుక్కి తొమ్మిదేళ్ళు. రెండు వర్షాకాలాలుగా తెల్లవారుజామున నాలుగింటికల్లా దగ్గు మొదలవుతుంది. లేచి కూర్చుంటాడు, వరసగా తుమ్ముతాడు, ముక్కు కారుతుంది, ఒక్కో రోజు ఛాతీలో పిల్లికూతలు కూడా వినిపిస్తాయి. బడికి వెళ్ళే వేళకి మాత్రం ఏమీ ఎరగనట్టు మామూలైపోతాడు. పెరుగు మానిపించారు, అరటిపండు మానిపించారు, చల్లనీళ్ళు మానిపించారు. మూడు రకాల దగ్గుమందులు అయిపోయాయి. "దసరా సెలవులకు మా అమ్మగారి వూరు పంపించాము. అక్కడ పెరుగూ తిన్నాడు, చెరువులో ఈతా కొట్టాడు. పది రోజులూ ఒక్కసారి దగ్గలేదు. ఇంటికి వచ్చిన మూడో రాత్రి మళ్ళీ మొదలు. మా ఇంట్లో ఏదైనా దోషం వుందంటారా?" అని అడిగారు.

దోషం వుందమ్మా. అయితే వాస్తు దోషం మాత్రం కాదు. మీరు ఉత్తరం చివర, అంత ముఖ్యం కాదనుకుని కాబోలు, ఒక మాట రాశారు. రెండేళ్ళ కిందట కొత్త పెట్టెమంచం కొన్నామని, పిల్లవాడు దానిమీదే పడుకుంటాడని, అమ్మమ్మగారింట్లో మాత్రం పాత నులక మంచమేనని. మీ ప్రశ్నకి సగం జవాబు మీరే చెప్పేశారు.

ఈ వ్యాసం చదువుతున్నవారు ఒక్క నిమిషం లేచి వెళ్ళి మీ పరుపు ఒక మూల ఎత్తి చూడండి. పైన కాదు, కింద. కింది చెక్కమీద అరచెయ్యి ఆనించండి. చల్లగా, అంటుకున్నట్టుగా వుందా? పరుపు గుడ్డమీద ఆవగింజలు చల్లినట్టు నల్లటి చుక్కలున్నాయా? ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత గోనెసంచి వాసన వస్తోందా? మూడింటిలో ఏ ఒక్కటున్నా ఈ కథ మీది కూడా.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వారితో ఈ మాటంటే నవ్వుతారు. "మాది పాలమూరు సీమ, వాన కోసం ఆకాశం వంక చూసేవాళ్ళం, మా ఇళ్ళల్లో చెమ్మ ఎక్కడిది?" అంటారు. 2016లో మూడూ మూడు జిల్లాలయ్యాయి గాని వాన సంగతి మారలేదు. గద్వాల వైపు మరీ తక్కువ. నిజమే. కాని పరుపు కింద చెమ్మ ఆకాశంలోంచే రావాలని లేదు. దానిలో పెద్ద భాగం మనమే పోస్తున్నాము.

ఆశ్చర్యంగా వుందా? మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కంటికి కనిపించకుండా రోజుకి ముప్పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. ఇది చెమట కాదు, చెమట వేరు. రాత్రి ఎనిమిది గంటల నిద్రలో దీని వాటా సుమారు పావు లీటరు. అందులో కొంత గాలిలోకి పోతుంది, కొంత పరుపులోకి దిగుతుంది. దూదికి నీటిమీద మహా ప్రేమ. మామూలు గాలిలో వున్నప్పుడే తన బరువులో నూటికి ఎనిమిది వంతుల పైగా నీటిని పట్టి వుంచుతుంది. అంటే పది కిలోల దూది పరుపులో, ముట్టుకుంటే పొడిగా అనిపించినా, ముప్పావు కిలో పైచిలుకు నీరున్నట్టే. ముసురు పట్టిన రోజుల్లో అది రెట్టింపు కావచ్చు.

ఆ ఆవిరి వెచ్చటి వంటినుంచి బయలుదేరి కిందికి దిగుతుంది. కింద నులకో నవారో వుంటే సందుల్లోంచి గాలిలో కలిసిపోతుంది. అడ్డంగా చెక్క పలక వుంటే? ఎటూ పోలేదు. చల్లటి పలకను తాకి అక్కడే నిలిచిపోతుంది. చన్నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే ఇదీను. మర్నాడు పగలంతా దుప్పటి చక్కగా పరిచి, మీద ఇంకో అందమైన దుప్పటి కప్పి వుంచుతాము. ఆరే అవకాశమే లేదు. రాత్రికి మళ్ళీ పావు లీటరు.

విదేశాల్లో కారు వెనక తగిలించుకుని విహారానికి తీసుకుపోయే చక్రాల ఇళ్ళుంటాయి. వాటిలో పడుకునేవారికీ ఇదే తంటా. ఇరుకు గది, బిగించిన కిటికీలు, పలకమీద పరుపు, బయట చలి. నాలుగు రోజుల్లో పరుపు అడుగు తడి. వారు కనిపెట్టిన విరుగుడు పలక తీసేసి సందులు వదిలి సన్నటి చెక్కపట్టీలు వెయ్యడం. మన నులక మంచం అల్లినవారు ఆ పని ఏనాడో చేసి పెట్టారు. మనమే దాన్ని పెరట్లో నిలబెట్టి, వాయిదాల మీద పెట్టెమంచం తెచ్చుకున్నాము.

ఇంతకీ చెమ్మకీ పిల్లవాడి దగ్గుకీ ఏమిటి సంబంధం? మన భాషలో గోడకి పట్టినదాన్నీ నెమ్మనే అంటాము, ఛాతీకి పట్టినదాన్నీ నెమ్మనే అంటాము. అయితే తడి నేరుగా ఛాతీలోకి ఎక్కదు. మధ్యలో దళారీలున్నారు. ఒకటి బూజు. దాని విత్తనాలు గాలిలో తేలి ముక్కులోకి పోతాయి. రెండవది దుమ్ములో వుండే ఒక పురుగు. నల్లి కాదు, ఇది కుట్టదు, కరవదు. సాలీడు కుటుంబానిది. మిల్లీమీటరులో మూడో వంతు కూడా వుండదు కనుక కంటికి ఆనదు. మన వంటిమీదనుంచి రాలే చర్మపు పొట్టే దానికి ఆహారం. విచిత్రమేమంటే అది నీళ్ళు తాగదు. గాలిలోని తేమనే వంటితో పీల్చుకుని బ్రతుకుతుంది. అందుకే పొడి పరుపులో ఎండి చస్తుంది, చెమ్మ పరుపులో వేలకు వేలుగా పెరుగుతుంది. ఇళ్ళలోని దుమ్ము పడనివారికి అసలు పడనిది ఈ పురుగేనని 1964లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు తేల్చారు. దాని విసర్జన పొడిలా మారి, పిల్లవాడు పక్కమీద దొర్లినప్పుడల్లా లేస్తుంది. ముక్కు అందులో పెట్టి ఎనిమిది గంటలు పడుకుంటే, ఆ తత్వం వున్న పిల్లలకు తుమ్ములు, పిల్లికూతలు వస్తాయి. తెల్లవారుజామున శ్వాసనాళాలు సహజంగానే కొంచెం ముడుచుకుంటాయి కనుక ఆ వేళకే ఎక్కువ. లేచి తిరుగుతుంటే తగ్గిపోతుంది. పెరుగు పాపం, ఏ పాపమూ ఎరగదు.

ఇప్పుడు చెయ్యవలసినవి చెబుతాను. పొద్దున లేవగానే పక్క సర్దవద్దు. ఇల్లాళ్ళకు ఇది మింగుడుపడదని తెలుసు. కాని దుప్పటి కాళ్ళవైపుకి మడిచి, కిటికీ తెరిచి, గంటసేపు పంకా వేసి వదిలెయ్యండి. తరువాత సర్దుకోవచ్చు. వారానికి రెండు సార్లు పరుపుని గోడకి నిలబెట్టండి. ఎండ కాసిన రోజున మిద్దెమీద రెండు వైపులా తిప్పుతూ మూడు నాలుగు గంటలు వెయ్యండి. పాలమూరు ఎండ ఊరికే వచ్చే మందు, దాన్ని తిట్టుకోవడమే గాని వాడుకోము. ఆరిన తరువాత కర్రతో కొట్టి దులపండి, ఆ సమయంలో పిల్లవాడు దగ్గర వుండకూడదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో నానబెట్టి ఉతకండి. చన్నీళ్ళకి మురికి పోతుంది గాని పురుగు చావదు.

పెట్టెమంచాన్ని పారెయ్యనక్కరలేదు. వడ్రంగిని పిలిచి పలకకి జానెడు దూరాన ఒకటి చొప్పున రూపాయి బిళ్ళంత రంధ్రాలు వేయించండి. ఇంకా మంచిది, పలక తీయించి రెండువేళ్ళ సందుతో పట్టీలు వేయించడం. కింది అరలో రగ్గులు, పాత బట్టలు కుక్కి నింపకండి. గాలి ఆడకపోతే రంధ్రాలున్నా ఒకటే. మంచం బయటి గోడకి ఆనకుండా జానెడు జరపండి.

నేలమీద పరుపు వేసుకునేవారి సంగతి వేరు. మన వైపు ఇళ్ళల్లో చాలావాటికి బండల పరుపు. బండ చల్లన, పైగా సందుల్లోంచి భూమిలోని చెమ్మ పైకి ఊరుతుంది. ఏది ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష వుంది. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని బండమీద పరిచి నాలుగు అంచులూ అంటించి ఒక రోజు వుంచండి. కాగితం అడుగున తడి వుంటే భూమిలోంచి, పైన తడి వుంటే గదిలోని గాలిలోంచి వస్తున్నట్టు. మొదటిదైతే సందులు పూడ్పించుకోవాలి, గోడ వెంట వాననీరు నిలవకుండా చూసుకోవాలి. రెండవదైతే గదికి గాలి కావాలి. ఏదైనా సరే, పరుపు కింద ఈత చాపో తుంగ చాపో వెయ్యండి, పొద్దున రెండూ ఎత్తెయ్యండి. పరుపుకి అంటుకునేలా కింద ప్లాస్టిక్ వెయ్యడం చాలామంది చేసే పొరపాటు. భూమి చెమ్మ రాకుండా ఆపుతుంది, నిజమే, మీ ఆవిరిని కూడా పోకుండా ఆపుతుంది.

గద్వాల, ఐజ, రాజోలి, అమరచింతల్లో గుంట మగ్గం వున్న ఇళ్ళవారికి ఒక మాట. నూలు పోగు పొడిగాలికి తెగుతుంది, చెమ్మ వుంటేనే పని సాగుతుంది. కనుక మగ్గం గదిలో చెమ్మ వద్దనడం అన్యాయం. అయితే పరుపుల చుట్ట ఆ గది మూలనే పెడతారు. దాన్ని మాత్రం వేరే గదికో, అదీ లేకపోతే దూలానికి వేలాడే దండానికో మార్చండి.

వేసవిలో వాడే గడ్డి కూలరు కూడా నిందితుల్లో ఒకటి. అది నీటిని గాలిలో కలిపే యంత్రం. కిటికీ మూసి కూలరు పెట్టుకుంటే చల్లగా వుండదు, జిగటగా వుంటుంది. ఎదురుగా ఒక కిటికీ తెరిచి వుంచాలి. తొలకరి పడ్డాక కూలరులో నీళ్ళు పొయ్యడం మానెయ్యాలి. పడకగదిలో తడిబట్టలు ఆరవెయ్యకూడదు.

వాసన పోవాలని పరుపు కింద కలరా ఉండలు వేసేవారున్నారు. చెమ్మకి అవి చేసేదేమీ లేదు. పైగా పుట్టుకతో ఒక రకం రక్తలోపం వున్న పసిపిల్లలకు ఆ వాసనతోనే రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. బాలింత గదిలోకి అసలు రానివ్వకండి. వేపాకు వెయ్యదలిస్తే వేసుకోండి, హాని లేదు, పెద్దగా మేలూ లేదు.

వలస పనులకు వెళ్ళి డేరాల్లో వుండేవారికి మంచమూ లేదు, బండా లేదు. ఈ పత్రిక వారికి అందదు గాని, అందేవారు ఎవరైనా వుంటే చెప్పండి. టార్పాలిను నేలకి పరిచి, దానిమీద ఇటుకలు పేర్చి, ఇటుకలమీద చెక్కలో వెదురు తడకో వేసి, ఆపైన పడుకోవాలి. నాలుగు అంగుళాల ఎత్తు చాలు. పగలు డేరా రెండు వైపులా ఎత్తి కట్టాలి. పనిస్థలంలో ఇటుకలకూ చెక్కలకూ కరువుండదు, ఇవ్వాలన్న మనసు మేస్త్రీకి వుండాలి.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపురం మునిగాయి. అలా వరద నీరు తాగిన దూది పరుపుని ఎంత ఎండబెట్టినా లాభం లేదు. పైన ఎండుతుంది, లోపల కుళ్ళుతుంది. ప్రాణం ఒప్పకపోయినా పారెయ్యాలి.

మళ్ళీ వనపర్తి సోదరి దగ్గరకు వస్తాను. ఇవన్నీ చెయ్యండి, కాని డాక్టరుకి చూపించడం మానవద్దు. పిల్లికూతలు వున్నాయంటే అది ఉబ్బసం కావచ్చు. పీల్చే మందు రాసిస్తే భయపడకండి, అది అలవాటైపోయే మందు కాదు. తాగే మందుకంటే తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుతున్నా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పెదవులు నీలం తిరిగినా పరుపు సంగతి పక్కన పెట్టి ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఆ పరుపే వాడుకోవచ్చునా అని అడుగుతారు. అడుగున చుక్కలు నాలుగైదే వుంటే సబ్బునీటిలో పిండిన గుడ్డతో తుడిచి, మూడు ఎండలు ఎండబెట్టి వాడుకోండి. తుడిచేవారు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, ఉబ్బసం వున్నవారు ఆ పని చెయ్యకూడదు. చుక్కలు కలిసిపోయి మరకలై, దూది ఉండలు కట్టి వుంటే మాత్రం దూదేకులవారికి ఇచ్చి ఏకించినా అది వద్దు. కొత్తది కొనేదాకా పిల్లవాణ్ణి అమ్మగారింటి నులక మంచం తెప్పించి, దానిమీద ఉతికిన బొంత వేసి పడుకోబెట్టండి.