టీనేజ్ పిల్లలు కథలు అల్లి చెబుతున్నారా? నిలదీసే ముందు ఒక్క నిమిషం!

‘అమ్మా, స్పెషల్ క్లాస్ ఉంది.. లేటవుతుంది’. అలియాబాద్ చౌరస్తాలో బస్సు దిగాల్సిన కొడుకు ఫోన్‌లో ఇలా చెప్పాడనుకోండి. ఆరా తీస్తే అసలు క్లాసే లేదు, కాలేజీకే వెళ్లలేదు. చాలా ఇళ్లలో వెంటనే జరిగేది ఒకటే.. అందరి ముందు కూర్చోబెట్టి నిలదీయడం. ఆందోళనతో సతమతమయ్యే పిల్లల విషయంలో ఇదే బెడిసికొడుతుంది.

వీళ్లలో అబద్ధం చాలాసార్లు మోసం చేయడానికి కాదు, తప్పించుకోవడానికి. మార్కులు తగ్గాయనో, ఫ్రెండ్స్ పక్కన పెట్టారనో, క్లాసులో లేచి మాట్లాడాలంటే గుండెదడ అనో. కథ చెబితే ఆ పూటకు భయం తగ్గుతుంది. ఆ ఉపశమనమే రేపు మరో కథ చెప్పిస్తుంది.

2021 ఫిబ్రవరి సంగతి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ దగ్గర తనను కిడ్నాప్ చేసి అత్యాచారం చేశారని ఓ విద్యార్థిని చెప్పింది. పోలీసులు ఆటో డ్రైవర్లను పట్టుకొచ్చి ప్రశ్నించారు. సీసీటీవీ ఫుటేజీ చూశాక అది కట్టుకథ అని అప్పటి రాచకొండ సీపీ మహేశ్ భగవత్ వెల్లడించారు. ఇంట్లో ఇబ్బందుల వల్లే ఆమె అలా చెప్పిందన్నది పోలీసుల మాట. ‘కిడ్నాప్ డ్రామా’ అంటూ టీవీల్లో, సోషల్ మీడియాలో ఒకటే హడావుడి. అదే నెలలో ఆ అమ్మాయి ప్రాణాలు తీసుకుంది. కారణం ఇదొక్కటే అని ఎవరూ చెప్పలేరు. కానీ ‘అబద్ధం’ అని తేలాక, ‘మరి ఎందుకు చెప్పింది?’ అని అడిగినవాళ్లు తక్కువే.

మరి ఇంట్లో ఏం చేయాలి?

ముందు నిజమేంటో గుట్టుగా కనుక్కోండి. చుట్టాలకు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకు చెప్పొద్దు. తెలిసీ తెలియనట్టు ‘క్లాస్ ఎలా జరిగింది?’ అని ఇరికించొద్దు, ఇంకో అబద్ధం వస్తుంది. ‘క్లాస్ లేదని తెలిసింది నాన్నా, ఏం భయం వేసింది?’ అని సూటిగా, మెల్లగా అడగండి. నిజం చెబితే తిట్టనని మాటిస్తే నిలబెట్టుకోండి. అలాగని తప్పు మాఫీ అయిపోదు. లెక్చరర్‌ను కలిసి సర్దుకోవాల్సింది వాడే, పక్కన మీరు ఉండండి చాలు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఎవరో తాకారు, వేధించారు అని చెబితే, గతంలో ఎన్ని కథలు చెప్పినా సరే, ‘ఇదీ కథే’ అని కొట్టిపారేయొద్దు. 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 22 ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలు చేసిన ఫిర్యాదు అబద్ధమని తేలినా వాళ్లకు శిక్ష ఉండదు.

నిద్ర పట్టకపోవడం, కాలేజీ మానేయడం, తిండి తగ్గడం రోజుల తరబడి సాగితే డాక్టర్‌ను కలవాలి. ‘చచ్చిపోవాలనుంది’ అని ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే 24 గంటలూ తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. నేరుగా చూపించాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది.