దోమ లార్వాలపై నీటి బూజు: ఒక జీవనియంత్రణ కారకం నేర్పిన పాఠం

వరి మడిలో నిలిచే నీరు పైరుకు ప్రాణాధారం. అదే నీరు మెదడువాపు వ్యాధిని వ్యాప్తి చేసే క్యూలెక్స్ దోమలకు ఆవాసం. ఈ దోమలను లార్వా దశలోనే అరికట్టగల సహజ శత్రువులలో లాజినీడియం జైగాంటియం అనే నీటి బూజు ముఖ్యమైనది. దీనిని 1935లో అమెరికా శాస్త్రవేత్త జె. ఎన్. కౌచ్ వర్ణించారు. చూపులకు శిలీంధ్రంలా ఉన్నా ఇది ఊమైసిటీస్ వర్గానికి చెందినది. నారుకుళ్ళు కలిగించే పిథియం, కొబ్బరిలో మొవ్వుకుళ్ళు కలిగించే ఫైటోఫ్తోరా దీనికి దగ్గరి బంధువులు.

దీని గమన సిద్ధబీజాలు రెండు కశాభాల సాయంతో నీటిలో ఈదుతూ లార్వాను చేరి, దేహకవచానికి అంటుకొని లోపలికి చొచ్చుకొనిపోతాయి. బూజు పోగులు దేహమంతా వ్యాపించడంతో సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులలో లార్వా మరణిస్తుంది. మృతదేహం నుండి కొత్త సిద్ధబీజాలు వెలువడి ఇతర లార్వాలను ఆశిస్తాయి. మందపాటి గోడ గల అండసిద్ధబీజాలు నీరు ఇంకిన తరువాత కూడా జీవించి, మడి తిరిగి తడిసినప్పుడు మొలకెత్తుతాయి. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ (బి.టి.ఐ.) మందును మళ్ళీ మళ్ళీ చల్లవలసి ఉండగా, ఈ బూజు తనంతట తానే కొనసాగగలగడం దీని ప్రత్యేకత.

అయితే దీనికి పరిమితులున్నాయి. సుమారు 16 నుండి 32 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రతలోనే ఇది చక్కగా పనిచేస్తుంది. ఉప్పునీటిలో, మురుగునీటిలో రాణించదు. సిద్ధబీజాల ఉత్పత్తికి స్టెరాల్స్ అవసరం కావడంతో ప్రయోగశాలలో దీని పెంపకం సులభం కాదు.

అమెరికాలో దీనిని దోమల నివారణకు అధికారికంగా నమోదు చేసి, లాజినెక్స్ పేరుతో విక్రయించారు. కాగా, క్షీరదాలలో లాజినీడియం సంక్రమణలు బయటపడడంతో 2013–14లో 21 క్షీరద నమూనాల జన్యు సంబంధాలను పరిశీలించగా, వాటిలో 11 దోమల నివారణకు వాడిన రకాల నుండి వేరుచేయలేనివిగా తేలాయి. క్షీరదాల నుండి లభించిన రకాలు 37 డిగ్రీల వద్ద బాగా పెరిగాయి. దోమల నివారణ రకాల పెరుగుదల మాత్రం ఆ ఉష్ణోగ్రతలో తగ్గింది. నమోదు రద్దయి, ఆ ఉత్పత్తి నేడు లభించడం లేదు.

దీనినిబట్టి సహజమైనదంతా సురక్షితం కాదని స్పష్టమవుతుంది. స్థానిక నీటి బూజులపై పరిశోధన చేపట్టేవారు లార్వాల మరణశాతంతో పాటు, క్షీరదాల దేహోష్ణోగ్రత వద్ద ఆ రకం పెరుగుతుందా అనే విషయాన్ని తొలిదశలోనే పరీక్షించాలి. క్షేత్రస్థాయిలో ఆరుతడి పద్ధతి, నిల్వనీటి తొలగింపు, అవసరమైనచోట బి.టి.ఐ. వాడకమే ప్రస్తుతానికి సిఫారసు చేయదగిన మార్గాలు.