ఒకరి కంటి చుక్కలు ఇంకొకరికి కావు

2023 జూలై, ఆగస్టు మాసాల్లో తెలంగాణ అంతటా కండ్లకలక వ్యాపించింది. మా వరంగల్ ఇళ్ళలోనూ ఒకరికోసం తెచ్చిన యాంటీబయాటిక్ చుక్కల మందును ఇంటిల్లిపాదీ వేసుకోవడం మనకు కొత్త కాదు. ఈ అలవాటు గురించి ఒకసారి ఆలోచించుకుందాం.

వానాకాలపు కండ్లకలక చాలావరకు వైరస్ వల్ల వచ్చేదే. యాంటీబయాటిక్ బాక్టీరియాపైనే పనిచేస్తుంది, వైరస్‌పై కాదు. పైగా సీసా మొన ఒకరి కంటికి తగిలితే ఆ రోగం మరొకరికి అంటుకుంటుంది.

చుక్క వేయగానే కాసేపు మంట, మసక చూపు కలగడం సహజం. రెప్పలు వాచి, దురద, ఎరుపు పెరుగుతుంటే మాత్రం అది అలర్జీ కావచ్చు. నియోమైసిన్ ఉన్న మందులతో ఇలా జరుగుతుంటుంది. వెంటనే వైద్యునికి చూపించాలి. కొన్ని సీసాల్లో డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. దానితో ఎరుపు త్వరగా తగ్గుతుంది గనుక అదే మంచి మందని భ్రమపడతాము. దీర్ఘకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు రావచ్చు. పొలంలో వరి ఆకు గీరుకున్న కంటిలో ఫంగస్ చేరి ఉంటే, పుండు ముదిరి చూపే పోయే ప్రమాదముంది.

వైద్యుడు రాసిన మందును చేతులు కడుక్కొని, కింది రెప్పను లాగి, ఒక్క చుక్క వేయాలి. కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు మెల్లగా అదమాలి. రెండో మందుంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. తెరిచిన సీసాను సాధారణంగా నెల దాటాక పారవేయాలి.

రమజానులో కొందరు గొంతులో చేదు తగిలిందని పగటి చుక్కలు మానేస్తారు. హనఫీ ధర్మవేత్తల ప్రకారం కంటి చుక్కలతో రోజా భంగం కాదు. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా, గొంతుకు చేరినదాన్ని మింగకుండా జాగ్రత్తపడితే రోజా చెడదని తీర్మానించింది. పైన చెప్పినట్లు కంటి మూలను అదిమితే గొంతులోకి దిగేది తగ్గుతుంది. కనుక రోజా పేరుతో మందు ఆపవద్దు.

తీవ్రమైన నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, చూపు తగ్గడం కనిపిస్తే మందుల దుకాణానికి కాదు, కంటి వైద్యుని వద్దకు వెళ్ళాలి. మన నగరంలోనే ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉంది. చూపు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడుకోవడం మన బాధ్యత.