తప్పు కాచే ఇనుప కర్ర

మైపాడు తీరంలో సాయంత్రం పూట పిల్లకాయలు క్రికెట్ ఆడుతుంటే చూడనివారు ఉండరు. చెక్కిన తాటిమట్టే బ్యాటు. రబ్బరు బంతి. వికెట్లకు మూడు సరుగుడు పుల్లలు. బంతి మట్టకు సరిగ్గా నడిమధ్యన తగిలిందంటే అలల దాకా పోతుంది. రెండంగుళాలు అటో ఇటో తగిలితే మట్ట చేతిలో గిర్రున తిరుగుతుంది, బంతి కాళ్ల దగ్గరే పడుతుంది, అరచేయి చుర్రుమంటుంది. వేసిన దెబ్బలో తేడా లేదు. తగిలిన చోటులోనే ఉంది తేడా అంతా.

ఈ రెండంగుళాల తప్పుకు పడే శిక్షను తగ్గించే ఉపాయం ఉందా? ఉందని ఒక మనిషి నిరూపించాడు. ఆయన ఆడింది క్రికెట్ కాదు, గోల్ఫ్. పుట్టింది చెప్పులు కుట్టేవారింట్లో. బంతిని చేత పట్టింది 42వ ఏట. ఆయన చేసిన కర్ర కథ గోల్ఫ్ మొహం చూడని మన పల్లెలకు కూడా పనికివచ్చేదే.

దిబ్బల మీద పుట్టిన ఆట

గోల్ఫ్ అనగానే దొరల ఆట, డబ్బున్నవారి ఆట అనుకుంటాం. అందులో అబద్ధం లేదు. కాని ఆ ఆట పుట్టినచోటు మాత్రం మన కోడూరు, రామతీర్థం తీరాల వంటిదే. స్కాట్లాండు దేశంలో సముద్రానికీ పొలాలకూ నడుమ ఇసుక దిబ్బలున్నాయి. సేద్యానికి పనికిరావు. గడ్డి మొలిస్తే గొర్రెలు మేస్తాయి. అటువంటి దిబ్బల మీద జనం కర్రతో బంతిని కొడుతూ మొదలుపెట్టిన ఆట ఇది. జనం ఈ ఆటలో పడి విలువిద్య సాధన మానేస్తున్నారని 1457లో, రెండవ జేమ్స్ రాజు కాలంలో, అక్కడి పార్లమెంటు దీన్ని నిషేధించింది కూడా.

తెల్లవారితో పాటు ఈ ఆట మన దేశానికి వచ్చింది. 1829లో కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు వెలిసింది. బ్రిటన్ దీవుల వెలుపల ఇంకా నడుస్తున్న గోల్ఫ్ క్లబ్బుల్లో అదే పాతది. తెలుగు నేల మీద విశాఖపట్నంలోనూ, హైదరాబాదులో గోల్కొండ కోట పక్కనా మైదానాలున్నాయి. మన వాళ్లు పనిమీద వెళ్లివచ్చే చెన్నైలో నందనం వైపు వెళ్లినవారికి కూడా ఒక గోల్ఫ్ మైదానం కనబడుతుంది.

ఆట చూడడానికి సులువు. నిమ్మకాయంత గట్టి బంతి, బరువు 46 గ్రాముల లోపు. దానిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన ఉన్న 108 మిల్లీమీటర్ల వెడల్పు గుంటలో వేయాలి. అటువంటి గుంటలు 18. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారిదే గెలుపు. ఒక్కో ఆటగాడు 14 కర్రలకు మించి వెంట తీసుకుపోరాదు. మరీ దూరం కొట్టడానికి లావు తల ఉన్న కర్రలు, గుంట దగ్గర బంతిని దొర్లించడానికి పటర్ అనే కర్ర వాడతారు. ఈ రెంటికీ నడుమ వాడేవే ఇనుప కర్రలు. వీటినే ఐరన్లు అంటారు, నంబర్లతో పిలుస్తారు. నంబరు పెరిగినకొద్దీ బంతి ఎత్తుగా లేచి దగ్గరలో పడుతుంది.

చిక్కంతా ఈ ఐరన్లతోనే. బంతి నేలమీద కదలకుండా ఉంటుంది. కర్ర తల చూస్తే అరచేయికన్నా చిన్నది. దానిని భుజాల మీదుగా తిప్పి తెచ్చి, తల నడిమధ్యనే బంతి తగిలేలా కొట్టాలి. వెనకటి ఐరన్ల తలలు కమ్మరి సాగగొట్టిన కత్తి రేకుల్లాగా పలుచగా ఉండేవి. బరువంతా నడుమన ఒకచోట కూడి ఉండేది. నడుమ తగిలితే వెన్నలో కత్తి దిగినట్టుండేది. అంచున తగిలితే తల మెలి తిరిగి బంతి దారి తప్పేది, సగం దూరం కూడా పోయేది కాదు. చలిరోజుల్లో అయితే దెబ్బ మోచేతుల దాకా పాకేది. కొత్తగా నేర్చుకునేవాడు పది దెబ్బలు వేస్తే ఎక్కువ భాగం అంచునే తగులుతాయి.

చెప్పులు కుట్టిన ఇంజనీరు

కార్‌స్టన్ సోల్‌హైమ్ 1911లో నార్వే దేశంలోని బెర్గెన్ రేవు పట్టణంలో పుట్టాడు. ఆయన పసితనంలోనే కుటుంబం అమెరికా చేరింది. ఇంజనీరింగు చదువులో చేరాడుగాని డబ్బు చాలక మధ్యలోనే మానుకుని, తండ్రి చేసే చెప్పుల పనిలోకి వచ్చాడు. కొన్నాళ్లు వంటపాత్రలు అమ్మాడు. తర్వాత విమానాలు చేసే కర్మాగారంలో చేరి ఇంజనీరయ్యాడు. అక్కడి నుంచి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి మారాడు. తోటి ఉద్యోగులతో కలిసి మొదటిసారి గోల్ఫ్ ఆడేటప్పటికి ఆయనకు 42 ఏళ్లు.

పటర్‌తో బంతిని దొర్లించడం ఆయనకు ఎంతకూ కుదరలేదు. తప్పు చేతిలో ఉందా, కర్రలో ఉందా అని ఆలోచించాడు. చేతిలో ఎటూ ఉంది. కర్రలో కూడా ఉందని లెక్క కట్టి తేల్చాడు. 1959లో తన ఇంటి గ్యారేజీలోనే కొత్త రకం పటర్ తయారుచేశాడు. బంతి తగిలితే అది పింగుమని మోగేది. ఆ మోతనే పేరుగా పెట్టి కర్రలు అమ్మసాగాడు. 1967లో ఉద్యోగం వదిలి పూర్తిగా ఈ పనిలోనే దిగాడు. పటర్‌కు పట్టిన కిటుకునే ఐరన్లకూ పట్టించాడు. 2000లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పద్ధతి పాటించని కంపెనీ దాదాపు లేదు. అమెరికా, ఐరోపా దేశాల మహిళల మధ్య 1990 నుంచి జరుగుతున్న గోల్ఫ్ పోటీకి కూడా ఆయన పేరే ఉంది.

కావడి చెప్పే కిటుకు

ఆ కిటుకు ఏమిటో తెలుసుకోవడానికి అమెరికా పోనక్కరలేదు. కావడి మోసినవాణ్ణి అడిగితే చాలు.

కావడి బద్దకు రెండు చివరలా రెండు నీళ్ల బిందెలు వేలాడుతున్నాయి. సందులో ఎవరైనా వచ్చి బద్ద కొసను తాకినా కావడి గభాలున తిరిగిపోదు, బరువుగా కొంచెం కదిలి ఆగుతుంది. అవే రెండు బిందెలను భుజం పక్కకు జరిపి కట్టి చూడండి. మొత్తం బరువు అంతే. ఇప్పుడు వేలితో తోసినా బద్ద చుట్టూ తిరుగుతుంది. బరువు నడుమన ఉంటే వస్తువు సులువుగా మెలి తిరుగుతుంది, కొసల్లో ఉంటే తిరగనంటుంది.

సోల్‌హైమ్ చేసింది ఇదే. ఐరన్ తల వెనక నడిమి భాగంలో ఇనుమును తొలిచేశాడు. ఆ తీసిన బరువును చుట్టూ అంచులకు చేర్చాడు. కర్ర తల వెనకవైపు చూస్తే అంచు కట్టిన పళ్లెంలాగా కనబడుతుంది. బంతి అంచున తగిలినా తల మునుపటంతగా మెలి తిరగదు. కాబట్టి దెబ్బ బలం బంతికే చేరుతుంది, దారి తప్పడం తగ్గుతుంది, చేతికి చురుకు తగ్గుతుంది. దీనితోపాటు తల కొంచెం పెద్దదయింది. బరువు కిందికి దిగడంతో బంతి సులువుగా లేస్తుంది. అడుగు వెడల్పు కావడంతో కర్ర నేలలో దిగబడకుండా జారుతుంది.

ఇంత మెలికల ఆకారం సుత్తితో కొడితే రాదు. అందుకని 1960ల చివర మైనపు పోతను ఎంచుకున్నారు. మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ పెంకు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోయడం. మన గుళ్లలో ఉత్సవ విగ్రహాలను పంచలోహాలతో పోసే పద్ధతీ ఇదే. వేల ఏళ్ల నాటి పనితనం గోల్ఫ్ కర్రకు ఇలా అక్కరకు వచ్చింది.

ఆడేవారి అనుభవం

ఈ కర్రలు పట్టినవారి మాటలు మూడు రకాలు. కొత్తవారు, వయసు మళ్లాక ఆట మొదలుపెట్టినవారు వీటిని వదలరు. పది దెబ్బల్లో రెండు మూడు మాత్రమే ఎగిరే బంతి, ఇప్పుడు ఆరేడు సార్లు ఎగురుతుంటే మరునాడు మళ్లీ మైదానానికి రావాలనిపిస్తుంది. కీళ్లనొప్పులున్న పెద్దవారికి చేతి అదురు తగ్గడమే పెద్ద సుఖం.

కొన్నేళ్లు ఆడినవారి మాట వేరు. మొదట ఆట బాగుపడిందిగాని తర్వాత అక్కడే ఆగిపోయిందంటారు. అందుకు కారణం లేకపోలేదు. పాత కర్ర తప్పు జరిగిన క్షణమే చేతిని చురుక్కుమనిపించి చెప్పేది. కొత్తది తప్పును కాస్తుంది, దాంతోపాటు కప్పేస్తుంది కూడా. తప్పు తెలియనివాడు దిద్దుకునేదెలా?

ఇక ఆరితేరినవారు చాలామంది నేటికీ సన్నని తల కర్రలే పట్టుకుంటారు. టైగర్ వుడ్స్ అంతటివాడు ఆ పాత తరహా ఐరన్లతోనే ఆడాడు. బంతిని కావాలని వంపు తిప్పడానికి, చేతికి స్పర్శ తెలియడానికి అవే మేలని వారి లెక్క. ఏళ్ల తరబడి రోజుకు వందల బంతులు కొట్టినవారు వారు. వారిని చూసి మొదటి రోజే ఆ కర్ర కొన్న కొత్తవాడు నష్టపోతాడు.

కాయని తప్పులు

ఈ కర్ర కాచేది ఒకే ఒక తప్పును. బంతి తల నడుమన కాక పక్కన తగిలితే కాస్తుంది. కర్ర మొహం వేరే వైపు తిరిగి ఉంటే బంతి ఆ వైపే పోతుంది. బంతికి ముందే నేలను బలంగా కొడితే ఏ కర్రా ఆదుకోదు. అంగడివాని మాటల్లో మరో మెలిక ఉంది. కొత్త కర్రతో బంతి ఎక్కువ దూరం పోతుందంటారు. నిజమే. కాని వెనకటి 7 నంబరు ఐరన్ మొహం 35 డిగ్రీలకు పైగా వాలి ఉండేది. నేటి సులువు ఐరన్లలో అదే నంబరు 30 డిగ్రీలు, ఇంకా తక్కువ కూడా ఉంటుంది. అంటే పాత 5 నంబరు మీద 7 అని చెక్కినట్టు. పెరిగిన దూరంలో కొంత ఈ నంబర్ల మార్పు వల్లనే.

ఇదే కిటుకు వేరే ఆటల్లోకీ పాకింది. 1976లో అమెరికాలో హోవర్డ్ హెడ్ టెన్నిస్ రాకెట్టు మొహాన్ని వెడల్పు చేసి, మెలి తిరగకుండా చేశాడు. క్రికెట్‌లో బ్యాటు అంచులు లావెక్కిపోయి, అంచున తగిలిన బంతి కూడా సిక్సరు పోతుంటే, 2017లో అంచు మందం 40 మిల్లీమీటర్లు దాటరాదని నియమం పెట్టవలసివచ్చింది.

మన పిల్లకాయల సంగతి

ఇక్కడే మన ఊళ్ల సంగతి వస్తుంది. పదేళ్ల పిల్లవాని చేతికి అన్న వాడిన పెద్ద బ్యాటు ఇస్తాం. బరువుకు వాడి మణికట్టు వంగుతుంది. బంతి అంచున తగులుతుంది, చేయి చురుక్కుమంటుంది. ‘గట్టి దానితో నేర్చుకుంటేనే చేయి తిరుగుతుంది’ అని పెద్దలు సమాధానం చెబుతారు.

ఆ మాటకు సాక్ష్యాలు లేకపోలేదు. ఢిల్లీలో ఒకరి కర్రలు మోస్తూ గోల్ఫ్ నేర్చుకున్న అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అంతవరకు మన దేశపు వృత్తి ఆటగాడెవ్వడూ దానిని గెలవలేదు. కలకత్తా మైదానంలో గడ్డి చూసుకునే పనివాని కొడుకు శివశంకర ప్రసాద్ చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017 సంవత్సరాల్లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కోరిన కర్ర కొనుక్కునే స్తోమతతో పుట్టినవారు కారు వీరు. కాని గెలిచినవారి పేర్లే మనకు తెలుస్తాయి. చేయి చురుక్కుమని మూడోరోజే మానుకున్నవారి లెక్క ఎవరూ రాయలేదు. ఏ బడి ఆటస్థలంలో చూసినా గట్టు మీద కూర్చుని చూసే పిల్లలే ఎక్కువ. వారిలో ఆట రానివారెందరు, సరైన బ్యాటు దొరకనివారెందరు?

కనుక మొదట చేతికి తగిన తేలిక బ్యాటు ఇవ్వాలి. తప్పు కాచే పనిముట్టు పిల్లవాణ్ణి ఆటలో నిలుపుతుంది. అయితే తప్పు కప్పబడకుండా చూడడం పెద్దల పని. దానికి గోల్ఫ్ ఆటగాళ్లు చేసే పని ఒకటుంది. కర్ర మొహం మీద పలుచగా పొడి చల్లి బంతి కొడతారు. బంతి తగిలినచోట మచ్చ పడుతుంది. మనకు ముగ్గుపిండి చాలు. తడిపి బ్యాటు మీద పలుచగా పూసి ఆరనివ్వాలి. పది బంతులు కొట్టించి పిల్లవానికే చూపించాలి. మచ్చలన్నీ అంచున ఉంటే వాడే ఒకడుగు జరిగి నిలబడతాడు. తిట్టవలసిన పని ఉండదు, చేతికి దెబ్బా ఉండదు.

మచ్చలు నడుమకు చేరిన రోజున పెద్ద బ్యాటు ఇవ్వవచ్చు. అంతవరకు అటక మీదున్న అన్న బ్యాటును అక్కడే ఉండనివ్వండి.