వేడి వైన్ చలిని తగ్గిస్తుందా?

నవంబరు చివరి వారం వచ్చేసరికి జర్మనీలోని దాదాపు ప్రతి ఊరి కూడలిలోనూ క్రిస్మస్ అంగళ్లు వెలుస్తాయి. డ్రెస్డెన్ నగరంలోని అంగడి అయితే 1434 నుంచి నడుస్తోంది. ఆ చలిలో చేతి తొడుగులు వేసుకున్న జనం పొగలు కక్కే కప్పులు పట్టుకుని నిలబడతారు. కప్పులో ఉండేది లవంగాలు, దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి వేడి చేసిన వైన్. జర్మన్లు దీన్ని గ్లూవైన్ అంటారు, ఇంగ్లిష్‌వాళ్లు మల్డ్ వైన్ అంటారు. గ్లూవైన్ పేరుతో అమ్మాలంటే అందులో ఆల్కహాల్ కనీసం 7 శాతం ఉండాలని, రుచి ప్రధానంగా దాల్చినచెక్క లేదా లవంగాల నుంచి రావాలని యూరోపియన్ యూనియన్ చట్టమే చెబుతోంది.

ఈ అలవాటు క్రిస్మస్ అంగళ్ల కంటే పాతది. రోమన్ల వంటల పుస్తకం అపీసియస్‌లో తేనె, మిరియాలు, కుంకుమపువ్వు, ఖర్జూరాలు కలిపిన వైన్ తయారీ ఉంది. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లినవే. మన ఇళ్లలో జలుబు చేస్తే కాచే మిరియాల కషాయానికి ఇది దూరపు చుట్టం అనుకోవచ్చు. రెండింటిలోనూ జరిగే పని ఒకటే, దినుసులోని సువాసన నూనెలను ద్రవంలోకి లాగడం.

తేడా ద్రవంలో ఉంది. లవంగానికి ఘాటునిచ్చే యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, నారింజ తొక్కలోని లిమొనీన్ నీటిలో అంతగా కరగవు. ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి. వైన్‌లో ఆల్కహాల్ 12 శాతమే ఉన్నా, నీటికంటే అది ఈ నూనెలను మెరుగ్గా పట్టుకుంటుంది. వేడి తగిలితే ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది. చిక్కేమిటంటే, ఇవన్నీ ఆవిరయ్యే గుణమున్న పదార్థాలు. మంట పెంచితే వంటగదంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో మాత్రం వాసన మిగలదు. ఇల్లు ఎంత సువాసనతో నిండితే కప్పులో అంత తక్కువ ఉన్నట్టు లెక్క.

అందుకే అనుభవమున్నవాళ్లు పనిని రెండు దశల్లో చేస్తారు. ఒక సీసా, అంటే 750 మిల్లీలీటర్ల ఎర్ర వైన్‌కు అర కప్పు నీళ్లు, 50 గ్రాముల చక్కెర, ఐదారు లవంగాలు, రెండు దాల్చినచెక్క ముక్కలు, ఒక అనాస పువ్వు, రెండు యాలకులు తీసుకుంటారు. ముందు వైన్ లేకుండా వీటిని మూతపెట్టి పది నిమిషాలు సన్నని సెగమీద కాచాలి. గట్టి చెక్క మెత్తబడి లోపలి నూనె బయటికి రావడానికి ఆ సమయం కావాలి. తర్వాత వైన్, పల్చగా చెక్కిన నారింజ తొక్క వేసి 70 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే చాలు. తొక్క కింది తెల్లటి పొరను వదిలేయాలి, చేదు అక్కడే ఉంటుంది. థర్మామీటరు లేకపోతే ఉపరితలం మీద ఆవిరి లేస్తూ, ఒక్క బుడగ కూడా రాకముందే దించేయాలి. బుడగలు వచ్చేదాకా ఉంచితే వైన్ తాజా పండ్ల వాసన పోయి ఉడికిన రుచి మిగులుతుంది. ఖరీదైన వైన్ ఇందుకు దండగ. దాని సున్నితమైన వాసనలన్నీ లవంగం కింద అణగిపోతాయి.

గిన్నె విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వైన్ పీహెచ్ విలువ 3 నుంచి 4 మధ్య ఉంటుంది. అంటే అది చింతపండు రసంలాగే పుల్లటి ద్రవం. సత్తు గిన్నెలో గానీ, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో గానీ కాస్తే లోహం అందులో కరుగుతుంది. స్టీలు గిన్నె వాడాలి.

వేడి చేస్తే ఆల్కహాల్ ఎగిరిపోతుంది కదా, మిగిలేది ద్రాక్షరసమేగా అనుకునేవాళ్లు చాలామంది. శుద్ధమైన ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుందన్నది నిజమే. కానీ వైన్‌లో అది విడిగా ఉండదు. నీటి అణువులతో కలిసి ఉండటం వల్ల 12 శాతం వైన్ సముద్రమట్టం వద్ద సుమారు 91 డిగ్రీలకు గానీ మరగదు. (సిమ్లా ఎత్తులో గాలి పీడనం తక్కువ కాబట్టి అక్కడ మరో ఏడు డిగ్రీల ముందే మరుగుతుంది.) మరిగినప్పుడు కూడా పైకి వెళ్లే ఆవిరిలో దాదాపు సగం నీరే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం సన్నని సెగమీద 15 నిమిషాలు ఉడికిన వంటకంలో కలిపిన ఆల్కహాల్‌లో 40 శాతం మిగిలే ఉంటుంది. గంట తర్వాత 25 శాతం, రెండున్నర గంటల తర్వాత కూడా 5 శాతం ఉంటుంది. మరగనివ్వకుండా, మూతపెట్టి, 70 డిగ్రీల దగ్గర దించేసిన వైన్‌లో ఆల్కహాల్‌లో అధిక భాగం అలాగే ఉంటుంది. 10 శాతం ఆల్కహాల్ ఉన్న 200 మిల్లీలీటర్ల కప్పులో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపుతో తాగితే 60 కిలోల మనిషి ఒక్క కప్పుతోనే ఆ గీత దాటవచ్చు.

ఇక అసలు ప్రశ్న, ఒంటికి వెచ్చదనం. కప్పులోని వేడినే ముందు లెక్కేద్దాం. 60 డిగ్రీల వైన్ 200 మిల్లీలీటర్లు తాగితే, అది 37 డిగ్రీలకు చల్లారేలోపు శరీరానికి ఇచ్చే వేడి సుమారు 19 కిలోజౌళ్లు. 60 కిలోల శరీరం ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 200 కిలోజౌళ్లకు పైగా కావాలి. అంటే ఆ కప్పు పెంచేది డిగ్రీలో పదో వంతు కూడా కాదు. కప్పు పట్టుకున్న వేళ్లకు కలిగే సుఖం వేరే సంగతి, అది నిజమైనదే.

మరి గొంతులోంచి కిందికి దిగే ఆ మంట ఏమిటి? మన నాలుక, ఆహారనాళాల్లోని నాడుల మీద వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. మిరపకాయ కారానికి స్పందించేదీ ఇదే. మామూలుగా ఇది 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. ఇథనాల్ సమక్షంలో ఆ గీత 34 డిగ్రీల దాకా దిగిపోతుందని 2002లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అంటే శరీరపు సాధారణ వేడినే నాడులు మంటగా చదువుతాయి. అది కొత్తగా పుట్టిన వేడి కాదు.

చర్మం మీద జరిగేది ఇంకా తిరకాసు వ్యవహారం. చలిలో చర్మపు రక్తనాళాలు ముడుచుకుని, వేడి రక్తాన్ని గుండె, ఊపిరితిత్తుల దగ్గరే అట్టిపెడతాయి. ఆల్కహాల్ ఆ నాళాలను సడలిస్తుంది. రక్తం చర్మంలోకి పొంగి బుగ్గలు ఎర్రబడతాయి, ఒళ్లు వెచ్చబడినట్టు ఉంటుంది. మనకు ఉష్ణోగ్రతను చెప్పే నాడులు ఎక్కువగా చర్మంలోనే ఉన్నాయి కాబట్టి మెదడు ఆ మాట నమ్ముతుంది. ఈలోగా లోపలి వేడి బయటి గాలిలో కలిసిపోతుంటుంది. దీనికి తోడు ఆల్కహాల్ వణుకును తగ్గిస్తుంది. వణుకు అంటే కండరాలు వేడిని తయారుచేసే పద్ధతి. కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేయడానికీ అది అడ్డుపడుతుంది. వెచ్చగా ఉందన్న భ్రమలో మనిషి కోటు విప్పేయడం, బయటే కూర్చుండిపోవడం అన్నిటికంటే ప్రమాదం.

2020 డిసెంబరు చివర్లో ఉత్తర భారతానికి శీతల గాలుల హెచ్చరిక ఇచ్చినప్పుడు భారత వాతావరణ శాఖ ఈ విషయాన్ని సూటిగానే చెప్పింది. మద్యం శరీర ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది కాబట్టి తాగవద్దన్నది ఆ సూచన. కొత్త సంవత్సరం వేడుకలకు కొద్ది రోజుల ముందు వచ్చిన ఈ మాట మీద జోకులు బాగానే పేలాయి, కానీ శాస్త్రం వాతావరణ శాఖ పక్షానే ఉంది. చలికి కొయ్యబారిన మనిషికి రెండు చుక్కలు పోయించడం మన ఊళ్లలోనూ ఉన్న అలవాటే. చేయాల్సింది వేరు. తడి బట్టలు మార్చి, దుప్పట్లు కప్పి, స్పృహలో ఉంటే వేడిగా తియ్యటి పానీయం తాగించి, వెంటనే వైద్య సహాయానికి కబురు పెట్టాలి.

హీటరు ఉన్న గదిలో కూర్చుని, తర్వాత బయటికి వెళ్లే పని లేనివారికి ఒక కప్పు గ్లూవైన్‌తో చలి ప్రమాదం పెద్దగా ఉండదు. ఆల్కహాల్ వద్దనుకునేవారికి జర్మన్ అంగళ్లలోనే కిండర్‌పున్ష్ అనే పిల్లల పానీయం దొరుకుతుంది. ఇంట్లో చేయాలంటే వైన్ బదులు నల్లద్రాక్ష రసం తీసుకుని చక్కెర మానేయాలి, రసంలో తీపి సరిపడా ఉంటుంది. లవంగం నూనెను పట్టుకునే ఆల్కహాల్ ఇందులో లేదు కాబట్టి దినుసులను పది నిమిషాలకు బదులు పావుగంట కాచి, పొయ్యి ఆర్పాక మూతపెట్టి మరో పది నిమిషాలు నాననివ్వాలి. చివర్లో సగం నిమ్మకాయ పిండితే వైన్‌కు ఉండే పులుపు కూడా వస్తుంది.